బోర్డు మారింది, విండోస్ మారకూడదు: ఒక శుభలేఖల ప్రెస్సు కేసు

ప్రెస్సు పేరు, ఊరి పేరు రాయడం లేదు. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను. సాంకేతిక విషయాలు మాత్రం జరిగినవి జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

అది పెళ్లి శుభలేఖలు, ఓణీల ఫంక్షన్ కార్డులు, పెద్దకర్మ కార్డులు వేసే చిన్న ప్రెస్సు. యజమానికి అరవై దాటాయి. కంపోజింగ్ అంతా ఒక అమ్మాయి చూసుకుంటుంది. పనంతా ఒకే కంప్యూటర్ మీద. 2011లో అసెంబుల్ చేయించిన సిస్టమ్ అది: కోర్ టూ డ్యుయో ప్రాసెసర్, జీ41 చిప్‌సెట్ బోర్డు, 320 జీబీ హార్డ్‌డిస్క్, విండోస్ 7 ప్రొఫెషనల్ 32 బిట్. అందులో పేజ్‌మేకర్ 7, ఒక తెలుగు ఫాంట్ల సాఫ్ట్‌వేర్, దానికి వెనకాల యూఎస్‌బీ పోర్టులో పెట్టిన డాంగిల్ (ఇది తగిలించి ఉంటేనే ఆ సాఫ్ట్‌వేర్ నడుస్తుంది).

ఏప్రిల్ చివర్లో ఒక సాయంత్రం ఈదురుగాలి, ఉరుములు. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. మర్నాడు పొద్దున సిస్టమ్ ఆన్ కాలేదు. దగ్గరలోని షాపులో చూపిస్తే ఎస్‌ఎంపీఎస్ (కరెంటు అందించే పెట్టె), మదర్‌బోర్డు రెండూ పోయాయన్నారు. పాత బోర్డు దొరకదని హెచ్110 బోర్డు, ఆరో తరం ఐ3, కొత్త ర్యామ్, కొత్త ఎస్‌ఎంపీఎస్ వేశారు. హార్డ్‌డిస్క్ మాత్రం పాతదే తగిలించారు.

ఆన్ చేస్తే విండోస్ లోగో మొదలవుతుంది, క్షణంపాటు బ్లూ స్క్రీన్ మెరుస్తుంది, రీస్టార్ట్ అవుతుంది. మళ్లీ లోగో, మళ్లీ బ్లూ స్క్రీన్. స్టార్టప్ రిపేర్ మూడుసార్లు నడిపారు. ప్రతిసారీ తన వల్ల కాదనే చెప్పింది. "బోర్డు మారింది కదండీ, ఫార్మాట్ కొట్టాల్సిందే. డేటా వేరే డ్రైవ్‌లోకి తీసిస్తాం" అన్నారు. యజమాని ఒప్పుకోలేదు. సీపీయూని అలాగే, కంప్యూటర్ రిపేర్లు చేసే నా దగ్గరికి తెచ్చారు.

అసలు సమస్య ఏది

"డేటా తీసిస్తామన్నారుగా, ఫార్మాట్‌కి ఎందుకు ఒప్పుకోలేదండీ?" అని అడిగాను. ఈ ప్రశ్న అడక్కపోతే నేనూ ఫార్మాటే కొట్టి ఉండేవాణ్ణేమో. జవాబు చెప్పింది కంపోజింగ్ చేసే అమ్మాయి.

"ఫైళ్లు వస్తాయన్నా, కానీ తెరిస్తే ఏముంటుంది? ఫాంటు లేకపోతే అంతా ఇంగ్లిష్ అక్షరాలే."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. అవి యూనికోడ్‌కి (తెలుగు అక్షరాలకి సొంత స్థానాలిచ్చే ఇప్పటి పద్ధతికి) ముందటి పద్ధతి ఫాంట్లు. ఇంగ్లిష్ అక్షరాలు ఉండాల్సిన స్థానాల్లో తెలుగు అక్షరాలు, ఒత్తులు, గుణింతపు ముక్కలు కూర్చి చేసినవి. ఆ ఫాంటు లేని సిస్టమ్‌లో ఫైలు తెరిస్తే "చి.ల.సౌ." అని ఉండాల్సిన చోట అర్థంలేని గుర్తులు కనిపిస్తాయి. ఫాంట్ల సాఫ్ట్‌వేర్ సీడీ గీతలు పడి చదవడం మానేసి చాలా కాలమైంది. కొత్త వెర్షన్ కొనడానికి యజమాని సిద్ధమే, కానీ పాత ఫైళ్లలోని కొన్ని ఒత్తులు అందులో తారుమారవుతున్నాయని ఇంకో ప్రెస్సులో ముందే చూసి వచ్చారు.

పదకొండేళ్ల కార్డులు ఆ డిస్క్‌లో ఉన్నాయి. పెద్దమ్మాయి పెళ్లికి వేసిన మ్యాటర్‌నే చిన్నమ్మాయి పెళ్లికి ముహూర్తం, వరుడి వివరాలు మార్చి వేయించుకునే ఇళ్లు ఆ ఊళ్లో చాలా ఉన్నాయి. తాతల పేర్లు, ఇంటిపేర్లు, బంధువుల వరుసలు అన్నీ ఒకసారి సరిచూసుకున్న మ్యాటర్ అది. మళ్లీ కొట్టిస్తే మళ్లీ తప్పులు దొర్లుతాయని వాళ్ల భయం. పైగా వైశాఖం ముహూర్తాలు తొమ్మిది రోజుల్లో మొదలు.

కాబట్టి ఇక్కడ కాపాడాల్సింది ఫైళ్లొక్కటే కాదు. ఫైళ్లు, ఫాంట్లు, పేజ్‌మేకర్, డాంగిల్ డ్రైవర్, ఆ అమ్మాయి చేతికి అలవాటైన కీబోర్డ్ అమరిక, ప్రింటర్ మార్జిన్లు, ఇవన్నీ కలిసి ఒకే విండోస్‌లో ఉన్నాయి. ఆ విండోస్‌నే లేపాలి.

ఏ దారి పట్టాలి

మూడు దారులు కనిపించాయి.

పాత జీ41 బోర్డు సెకండ్‌హ్యాండ్‌లో వెతికి వేస్తే విండోస్ దాదాపు ఏమీ అడక్కుండా లేస్తుంది. ఇది అన్నిటికంటే సులువు. కానీ పదేళ్లు వాడిన బోర్డు ఇంకెంత కాలం వస్తుందో ఎవరూ చెప్పలేరు, సీజన్ మధ్యలో పోతే ఇంకా కష్టం. పైగా కొత్త బోర్డుకి యజమాని డబ్బు కట్టేశారు, ఆ షాపు వెనక్కి తీసుకోనంది.

రెండోది, పాత డిస్క్‌ని వర్చువల్ మెషిన్‌గా మార్చి కొత్త విండోస్ లోపల నడపడం. డాంగిల్ అందులో పనిచేస్తుందో లేదో పరీక్షిస్తే తప్ప తెలియదు. ప్రింటింగ్‌లో ఒక మిల్లీమీటరు అటూ ఇటూ అయినా కార్డు మడత తప్పుతుంది. దీన్ని రెండో అస్త్రంగా ఉంచుకున్నాను.

మూడోది, వచ్చిన బోర్డు మీదే పాత విండోస్‌ని నిలబెట్టడం. ఇది ఎంచుకునే ముందు ఒక్కటి చూసుకున్నాను. బోర్డు తయారీదారు వెబ్‌సైట్‌లో ఈ మోడల్‌కి విండోస్ 7, 32 బిట్ డ్రైవర్లు ఉన్నాయా లేదా. ఉన్నాయి. ఆరో తరం ప్రాసెసర్ కావడం అదృష్టం. ఏడో తరమైతే ఇంటెల్ తన లోపలి గ్రాఫిక్స్‌కి విండోస్ 7 డ్రైవర్ ఇవ్వలేదు. అప్పుడు నా నిర్ణయం వేరేగా ఉండేది.

మొదటి పని: కాపీ

ఏ కీ నొక్కకముందే డిస్క్ బయటికి తీసి ఆరోగ్యం చూశాను. డిస్క్ తన ఆరోగ్యం గురించి తనే రాసుకునే స్మార్ట్ రిపోర్టులో పెండింగ్ సెక్టార్లు, అంటే చదవడానికి మొరాయిస్తున్న చోట్లు, 8 ఉన్నాయి. పదకొండేళ్ల డిస్క్‌కి అది చావు కబురు కాదు గానీ, హెచ్చరిక మాత్రం అవును. ఇంకో లినక్స్ సిస్టమ్‌లో డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాంతో మొత్తం డిస్క్‌ని సెక్టారుకి సెక్టారు కొత్త 480 జీబీ ఎస్‌ఎస్‌డీలోకి తీశాను. గంటన్నర పట్టింది. మొదటి విడతలో మొరాయించిన సెక్టార్లు రెండో విడతలో చదవబడ్డాయి. అసలు డిస్క్‌కి కాగితం అంటించి బీరువాలో పెట్టేశాను. అక్కణ్ణుంచి చేసిన ప్రతి ప్రయోగం కాపీ మీదే.

చాలామంది ఇక్కడ ఒక పొరపాటు చేస్తారు. క్లోన్ చేశాక పాత డిస్క్, కొత్త డిస్క్ రెండూ ఒకే సిస్టమ్‌కి తగిలించి విండోస్ ఆన్ చేస్తారు. రెండిటికీ డిస్క్ సంతకం (విండోస్ డిస్క్‌ని గుర్తుపట్టే నంబరు) ఒకటే ఉంటుంది. విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెడుతుంది, లేదా సంతకం మార్చేస్తుంది. సంతకం మారిన డిస్క్ తర్వాత బూట్ కాదు, ఎందుకు కావడం లేదో తల పట్టుకోవాల్సి వస్తుంది. ఒకసారికి ఒకటే తగిలించాలి.

బ్లూ స్క్రీన్ ఏం చెబుతోంది

మెరిసి పోయే బ్లూ స్క్రీన్‌ని ఆపి చదవాలి. బూట్ అవుతుండగా ఎఫ్8 నొక్కి, సిస్టమ్ ఫెయిలైతే దానంతటదే రీస్టార్ట్ కావడాన్ని ఆపే ఎంపిక పెట్టాను. ఈసారి తెర నిలిచింది. కోడ్ చివర 7బీ. అంటే ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్: బూట్ అవ్వాల్సిన డిస్క్‌నే విండోస్ చేరుకోలేకపోతోంది.

"డిస్క్ కనబడకపోతే లోగో దాకా ఎలా వచ్చింది?" అని నా దగ్గర పని నేర్చుకుంటున్న కుర్రాడు అడిగాడు. ఈ కేసు మొత్తానికి కీలకం ఈ ప్రశ్నే.

మొదట్లో డిస్క్‌ని చదివేది విండోస్ కాదు, బోర్డులోనే ఉండే బయోస్ అనే ప్రోగ్రాం. విండోస్ లోడర్ బయోస్ సాయంతోనే కెర్నెల్‌ని (విండోస్ గుండెకాయని), బూట్‌కి అవసరమని రాసి ఉన్న డ్రైవర్లని మెమరీలోకి తెచ్చుకుంటుంది. తర్వాత ఒక క్షణంలో బయోస్ చేయి వదిలేస్తుంది. అప్పట్నుంచి విండోస్ తన సొంత డ్రైవర్‌తో డిస్క్‌ని చదవాలి. ఆ డ్రైవర్ అప్పటికే చేతిలో లేకపోతే, దాన్ని డిస్క్ మీద నుంచి తెచ్చుకోవడానికి డిస్క్ కావాలి, డిస్క్ కావాలంటే ఆ డ్రైవర్ కావాలి. 7బీ వచ్చేది అక్కడే.

పాత బోర్డు బయోస్‌లో సాటా పోర్టులు (డిస్క్ తగిలించేవి) ఐడీఈ అనే పాత మోడ్‌లో నడిచేవి. కొత్త బోర్డు ఏహెచ్‌సీఐ అనే తర్వాతి మోడ్‌లో నడుస్తోంది. ఐడీఈలో ఇన్‌స్టాల్ చేసిన విండోస్ 7, ఏహెచ్‌సీఐ డ్రైవర్‌ని దగ్గరుంచుకుంటుంది గానీ బూట్‌లో ఎక్కించుకోదు. బోర్డు బయోస్‌ని ఐడీఈకి మార్చగలిగితే పని ఒక్క నిమిషంలో అయ్యేది. బయోస్ అంతా వెతికాను. ఈ బోర్డులో ఆ ఎంపికే లేదు.

స్టార్టప్ రిపేర్ ఎందుకు ఓడిపోయిందో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది. అది బూట్ సెక్టార్, బూట్ జాబితా, పాడైన ఫైళ్లు చూస్తుంది. ఇక్కడ పాడైంది ఏమీ లేదు. సేఫ్ మోడ్ కూడా ఇదే చోట ఆగిపోయింది, అదీ డిస్క్ మీద నుంచే రావాలి కాబట్టి.

రిజిస్ట్రీలో ఒక్క అంకె

విండోస్ 10 ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, షిఫ్ట్ ఎఫ్10 నొక్కి కమాండ్ ప్రాంప్ట్ తెరిచాను. విండోస్ 7 డీవీడీ కాకుండా ఇదెందుకంటే, విండోస్ 7 డీవీడీకి ఈ బోర్డు యూఎస్‌బీ పోర్టులు అర్థం కావు. కీబోర్డ్ పలకదు. విండోస్ 10కి అర్థమవుతాయి.

ఇక్కడ డ్రైవ్ అక్షరాలు మారిపోయి ఉంటాయి. 100 ఎంబీ సిస్టమ్ రిజర్వ్‌డ్ పార్టిషన్ సీ అయి కూర్చుంటే, మన విండోస్ డీలోకి వెళ్తుంది. ముందు ఫోల్డర్లు చూసి ఏది ఏదో నిర్ధారించుకున్నాను. విండోస్, సిస్టమ్32, కాన్ఫిగ్ ఫోల్డర్‌లోని సిస్టమ్ అనే ఫైలుని పక్కన ఇంకో పేరుతో కాపీ పెట్టాను.

విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు రిజిస్ట్రీ, ఆ ఫైలు అందులో ఒక ముక్క (హైవ్). రిజిస్ట్రీని మార్చే రెజ్‌ఎడిట్ తెరిచి, హెచ్‌కీ లోకల్ మెషిన్ మీద నిలబడి, లోడ్ హైవ్‌తో ఆ ఫైలుని "పాతది" అనే అర్థం వచ్చే పేరుతో ఎక్కించాను. ఇది కొత్తగా చేసేవాళ్లు ఇక్కడ ఆగి చూసుకోండి. తెర మీద అప్పటికే సిస్టమ్ అని ఒక శాఖ ఉంటుంది. అది పెన్‌డ్రైవ్ విండోస్‌ది. దాన్ని మార్చి, సేవ్ అయిందనుకుని, రీస్టార్ట్ చేసి, "ఈ చిట్కా పనిచేయదు" అని వదిలేసినవాళ్లని నేను చూశాను. మార్చాల్సింది మనం ఎక్కించిన శాఖలో.

అలా ఎక్కించిన దాంట్లో కరెంట్ కంట్రోల్ సెట్ అనేది ఉండదు, అది విండోస్ నడుస్తున్నప్పుడు మాత్రమే కనిపించే పేరు. సెలెక్ట్ అనే కీలో కరెంట్ విలువ చూస్తే 1 ఉంది. అంటే కంట్రోల్‌సెట్001. అందులో సర్వీసెస్ కింద ఎంఎస్‌ఏహెచ్‌సీఐ, అదే ఆ ఏహెచ్‌సీఐ డ్రైవర్. దాని స్టార్ట్ విలువ 3. అంటే ఎవరైనా పిలిస్తేనే లేస్తుంది. దాన్ని 0 చేశాను, అంటే బూట్‌లోనే ఎక్కుతుంది. హైవ్ అన్‌లోడ్ చేసి, రీస్టార్ట్.

లోగో వచ్చింది. లోగోలోని నాలుగు రంగులూ కలిశాయి. బ్లూ స్క్రీన్ రాలేదు. లాగిన్ తెర వచ్చింది.

విండోస్ ఎక్స్‌పీ రోజుల్లో ఇలాంటప్పుడు విండోస్‌కి, హార్డ్‌వేర్‌కి మధ్య ఉండే హ్యాల్ అనే పొర కూడా అడ్డం పడేది. పాత బోర్డుకి ఎక్కించిన హ్యాల్ కొత్త బోర్డుకి సరిపోక రిపేర్ ఇన్‌స్టాల్ చేయాల్సి వచ్చేది. ఇక్కడ ఆ బెడద ఎదురుకాలేదు.

లాగిన్ తెర ముందు చేతులు కట్టేసినట్టు

కీబోర్డ్ మీద నమ్‌లాక్ లైటు ఆరిపోయింది. మౌస్ కదలదు. పాస్‌వర్డ్ కొట్టడానికి దారి లేదు.

కారణం ఇందాకటిదే, వస్తువు మాత్రం వేరు. బయోస్‌లో, ఎఫ్8 మెనూలో కీబోర్డ్ పలికింది బయోస్ దాన్ని పట్టుకుని ఉంది కాబట్టి. విండోస్ చేతికి వచ్చేసరికి యూఎస్‌బీ డ్రైవర్ కావాలి. పాత చిప్‌సెట్లలో ఈహెచ్‌సీఐ అనే యూఎస్‌బీ 2 కంట్రోలర్ ఉండేది, దాని డ్రైవర్ విండోస్ 7లోనే ఉంది. ఇంటెల్ 100 సిరీస్ చిప్‌సెట్లలో ఈహెచ్‌సీఐ తీసేశారు. పోర్టులన్నీ ఎక్స్‌హెచ్‌సీఐ అనే యూఎస్‌బీ 3 కంట్రోలర్ మీదే నడుస్తాయి. దానికి విండోస్ 7 దగ్గర డ్రైవర్ లేదు.

వెనకాల పీఎస్2 పోర్టు (యూఎస్‌బీ కాని పాతరకం కీబోర్డ్ పోర్టు) ఒకటుంది. ఆ రాత్రి పీఎస్2 కీబోర్డ్ ఎక్కడా దొరకలేదు. మర్నాడు దాకా ఆగొచ్చు. కానీ కీబోర్డ్ ఒక్కటి పలికినా డాంగిల్ యూఎస్‌బీదే కాబట్టి ఈ డ్రైవర్ ఎలాగూ ఎక్కించాలి. అందుకే విండోస్ ఆఫ్‌లైన్‌లో ఉండగానే డ్రైవర్ ఎక్కించే దారి పట్టాను.

బోర్డు వెబ్‌సైట్ నుంచి ఇంటెల్ యూఎస్‌బీ 3 డ్రైవర్ 32 బిట్‌ది దించి, సెటప్‌ని విప్పి, లోపలి ఫోల్డర్లని పెన్‌డ్రైవ్‌లో పెట్టాను. మళ్లీ విండోస్ 10 పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, డిస్మ్ కమాండ్‌తో యాడ్ డ్రైవర్ చేశాను. విండోస్ 10లోని డిస్మ్, ఆఫ్‌లైన్‌లో ఉన్న విండోస్ 7కి డ్రైవర్లు ఎక్కించగలదు. విజయవంతం అని వచ్చింది.

రీస్టార్ట్. లాగిన్ తెర. ఐదు నిమిషాలు ఆగాను, పది నిమిషాలు ఆగాను. కీబోర్డ్ లేదు.

విజయవంతం అన్నాక కూడా ఎందుకు రాలేదు? ఇక్కడ ఇంకో వెర్షన్ డ్రైవర్ తెచ్చి ఎక్కించడం, అదీ కాకపోతే మరొకటి ఎక్కించడం చాలామంది చేసే పని. అలా చేస్తే ఒకదాని మీద ఒకటి పేరుకుపోయి, చివరికి ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో తెలియదు. విండోస్ తను ఏ పరికరాన్ని చూసింది, ఏ డ్రైవర్ వెతికింది అన్నది ఇన్ఫ్ ఫోల్డర్‌లో సెటప్ఏపీఐ పేరుతో ఉండే లాగ్ ఫైలులో రాసుకుంటుంది. డిస్క్‌ని మళ్లీ పెన్‌డ్రైవ్ విండోస్‌తో తెరిచి ఆ లాగ్ చివరి పేజీలు నోట్‌ప్యాడ్‌లో చదివాను.

ఎక్స్‌హెచ్‌సీఐ కంట్రోలర్‌కి డ్రైవర్ సవ్యంగా కూర్చుంది. దాని వెంటనే రూట్ హబ్30 అనే కొత్త పరికరం కనబడింది. దానికి సరిపడే డ్రైవర్ దొరకలేదని లాగ్ చెబుతోంది.

తప్పు నాది. ఆ ప్యాకేజీలో కంట్రోలర్‌కి ఒక ఇన్ఫ్ ఫైలు (డ్రైవర్ ఎలా ఎక్కించాలో చెప్పేది), హబ్‌కి ఇంకొకటి ఉన్నాయి. నేను కంట్రోలర్ ఇన్ఫ్ ఒక్కటే పేరు పెట్టి ఎక్కించాను. కంట్రోలర్ లేచింది గానీ దాని కింద పోర్టులన్నిటినీ పట్టుకునే హబ్ లేవలేదు. హబ్ లేకపోతే దానికి తగిలించిన కీబోర్డ్ విండోస్‌కి లేనట్టే. ఈసారి రికర్స్ అనే స్విచ్ చేర్చి ఫోల్డర్ మొత్తం ఎక్కించాను.

రీస్టార్ట్ చేశాక లాగిన్ తెర మీద ఒక నిమిషం పైనే ఏమీ జరగలేదు. తర్వాత నమ్‌లాక్ వెలిగింది. ఇంకాసేపటికి మౌస్ కదిలింది. రాత్రి పదకొండు దాటింది. ఆ అమ్మాయికి ఫోన్ చేసి పాస్‌వర్డ్ అడిగాను. చెప్పి, "ఫాంటు వచ్చిందా అన్నా?" అంది.

మిగతా సర్దుబాట్లు

డెస్క్‌టాప్ వచ్చాక విండోస్ తనంతట తానే ఏహెచ్‌సీఐ కంట్రోలర్‌ని గుర్తించి రీస్టార్ట్ అడిగింది. తర్వాత చిప్‌సెట్, గ్రాఫిక్స్, నెట్‌వర్క్ డ్రైవర్లు వరుసగా, ఒక్కోదాని తర్వాత రీస్టార్ట్ చేస్తూ వేశాను. ఇవన్నీ మామూలే.

మామూలు కానిది ప్రింటర్. లేజర్ ప్రింటర్ నెట్‌వర్క్ కేబుల్ మీద, రౌటర్ లేకుండా చిన్న స్విచ్‌తో స్థిరమైన ఐపీ అడ్రస్‌తో నడిచేది. కొత్త నెట్‌వర్క్ కార్డుకి పాత ఐపీ ఇస్తే, ఈ అడ్రస్ ఇప్పటికే ఇంకో అడాప్టర్‌కి ఉందని విండోస్ హెచ్చరించింది. ఆ ఇంకో అడాప్టర్ కాలిపోయిన బోర్డు మీదిది. బోర్డు పోయినా దాని జ్ఞాపకం రిజిస్ట్రీలో ఉంది. ఇప్పుడు లేని పరికరాల్ని కూడా చూపించేలా డివైస్ మేనేజర్‌ని తెరిచి, పాత నెట్‌వర్క్ కార్డుని తీసేశాను. పాత బోర్డుకి సంబంధించిన మిగతా నీడలు చాలా కనిపించాయి. వాటిని ముట్టుకోలేదు. అడ్డం రానిదాన్ని తీసేస్తే లాభం లేదు, పొరపాటున డాంగిల్ డ్రైవర్ తీసేస్తే నష్టం మాత్రం పెద్దది.

డాంగిల్ పెట్టగానే లైటు వెలిగింది. పేజ్‌మేకర్ తెరిచి, 2013 నాటి ఒక శుభలేఖ ఫైలు తెరిచాను. విఘ్నేశ్వరుడి శ్లోకం, "శ్రీరస్తు శుభమస్తు అవిఘ్నమస్తు" ఉన్నది ఉన్నట్టు కనబడ్డాయి. క్ష్మ, ర్థ్య లాంటి కష్టమైన ఒత్తులున్న ఇంటిపేర్లు వెతికి మరీ చూశాను.

విండోస్ యాక్టివేషన్ మూడు రోజుల్లో చేయించాలని హెచ్చరిక వచ్చింది. హార్డ్‌వేర్ ఇంతగా మారితే విండోస్ 7 ఇచ్చే గడువు అది. ఆ కాపీ పెట్టెతో కొన్న రిటైల్ లైసెన్సు, పెట్టె యజమాని బీరువాలో భద్రంగా ఉంది. ఫోన్ యాక్టివేషన్ చేశాం. తెర మీది 54 అంకెల్ని యజమాని చదివారు, నేను ఫోన్లో నొక్కాను. అవతలి నుంచి వచ్చిన 48 అంకెల్ని ఆయన కాగితం మీద ఆరేసి చొప్పున రాసుకున్నారు. ఆ కాగితాన్ని ఆయన పెట్టెలోనే దాచారు. ఇదే కంప్యూటర్‌తో పాటు వచ్చిన ఓఈఎం లైసెన్సు అయితే ఒక మాట ముందే కస్టమర్‌తో చెప్పాలి. ఓఈఎం లైసెన్సు బోర్డుతో ముడిపడి ఉంటుంది, వేరే రకం బోర్డు వేసినప్పుడు అది చెల్లుతుందని మనం హామీ ఇవ్వకూడదు.

ముహూర్తాలకి ఐదు రోజుల ముందు సిస్టమ్ ప్రెస్సుకి చేరింది. పాత ప్రింటర్ మార్జిన్లతోనే మొదటి కార్డు తీసి మడిచి చూశాం. మడత సరిగ్గా మధ్యలో పడింది.

అక్కడే ప్లగ్ పాయింట్ దగ్గర మల్టీమీటర్ పెట్టి చూస్తే న్యూట్రల్‌కి ఎర్త్‌కి మధ్య ఉండకూడనంత వోల్టేజీ ఉంది. ఎర్త్ గుంత ఎండిపోయి ఏళ్లయింది. కొత్త బోర్డు అదే ప్లగ్‌లో పెట్టి వచ్చేస్తే నా పని సగమే అయినట్టు. ఎలక్ట్రీషియన్ని పిలిపించి ఎర్తింగ్ వేయించాకే ఆన్ చేయమన్నాను.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

బోర్డు కొనకముందే కస్టమర్‌ని అడిగే ప్రశ్నలు మారాయి. ఏ విండోస్, ఎన్ని బిట్లు, ఏ సాఫ్ట్‌వేర్‌కి సీడీ లేదు, ఏది డాంగిల్ మీద నడుస్తుంది. ఈ కేసులో బోర్డు నేను ఎంచుకుని ఉంటే నాలుగో తరానికి సరిపడే హెచ్81 తీసుకునేవాణ్ణి. అందులో ఈహెచ్‌సీఐ ఇంకా ఉంది, కీబోర్డ్ కోసం ఒక రాత్రి పోయేది కాదు.

పాత బోర్డు ఇంకా కొన ఊపిరితో ఉంటే, మార్చేలోపే ఆ విండోస్‌లో ఎంఎస్‌ఏహెచ్‌సీఐని 0 చేసి, యూఎస్‌బీ డ్రైవర్ల ఫోల్డర్‌ని సీ డ్రైవ్‌లో పెట్టేస్తున్నాను. ఐదు నిమిషాల పని. నా దగ్గర పీఎస్2 కీబోర్డ్ ఒకటి ఎప్పుడూ ఉంటోంది.

విండోస్ 10, 11 అయితే కథ వేరు. అవి చాలావరకు కొత్త బోర్డు మీద వాటంతటవే లేస్తాయి. లేవనప్పుడు నేను చూసేవి మూడు. ఒకటి, పాత బోర్డులో సాటా రెయిడ్ అనే ఇంకో మోడ్‌లో ఉండి కొత్తదాంట్లో ఏహెచ్‌సీఐలో ఉందా. రెండు, డిస్క్ ఎంబీఆర్ అనే పాత పార్టిషన్ పద్ధతిలో ఉండి కొత్త బోర్డులో పాతకాలపు బూట్‌కి దారి ఇచ్చే సీఎస్ఎం లేకుండా పోయిందా. అలాగైతే ఎంబీఆర్2జీపీటీ అనే టూల్‌తో కొత్త పద్ధతికి (జీపీటీకి) మార్చాలి, అదీ కాపీ మీదే. మూడు, అన్నిటికంటే ప్రమాదకరమైనది డిస్క్‌కి తాళం వేసే బిట్‌లాకర్. తాళంచెవి పాత బోర్డులోని టీపీఎం అనే భద్రతా భాగం దగ్గర ఉండిపోతుంది, కొత్త బోర్డు 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. ఆ కీ ఎక్కడా లేకపోతే పైన చెప్పిన విద్యలేవీ పనికిరావు. ల్యాప్‌టాప్ బోర్డు మార్పుకి ఒప్పుకునే ముందు నేనిప్పుడు మొట్టమొదట అడిగేది ఆ కీ ఉందా అనే.

ఆ ప్రెస్సులో మిగిలిన పని

విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. అందుకే ఆ సిస్టమ్‌కి ఇంటర్నెట్ ఇవ్వలేదు. కస్టమర్లు వాట్సాప్‌లో పంపే ఫొటోలు, మ్యాటర్ ఇంకో సిస్టమ్‌లో దించి, వైరస్ చూసి, పెన్‌డ్రైవ్ మీద ఇటు తెస్తున్నారు.

సీజన్ అయ్యాక, ఆషాఢంలో పని తగ్గినప్పుడు మళ్లీ వెళ్లాను. లేచిన విండోస్‌ని డిస్క్2వీహెచ్‌డీతో వర్చువల్ డిస్క్‌గా తీసి, వర్చువల్‌బాక్స్‌లో ఎక్కించి చూశాను. డాంగిల్‌ని అందులోకి పంపితే పట్టుకుంది. ప్రింట్ కొద్దిగా పక్కకి జరుగుతోంది, అది ఇంకా సరిచేయాలి. కానీ ఈ బోర్డు కూడా పోతే ఫైళ్లు తెరిచి చదవడానికి ఒక చోటు ఉంది.

అసలు భారం మాత్రం ఆ అమ్మాయి మోస్తోంది. ఏ కార్డు కోసం ఎవరొచ్చినా, పాత ఫైలు తెరిచినప్పుడల్లా ఆ మ్యాటర్‌ని యూనికోడ్‌లో మళ్లీ కొట్టి, పాతదాని పీడీఎఫ్ పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం సరిచూసి, ఇంటిపేరు వారీగా వేరే ఫోల్డర్‌లో దాస్తోంది. నేను చివరిసారి చూసినప్పుడు ఆ ఫోల్డర్‌లో నూట నలభైకి పైగా ఇళ్ల కార్డులున్నాయి.